దుకాణం మూసే వేళకు పోయే లైన్

మా టీవీ తెర మీద ఒక మూలన ‘స్ట్రిక్ట్’ అనే మాట కనిపించేది. బడిలో పిల్లలు నా వెనక నన్ను అనేదీ ఆ మాటే. నర్మెట్టలో పదో తరగతి దాకా లెక్కలు చెబుతాను. నా కోపం సంగతి జనగామ బస్టాండులో కండక్టర్లకు కూడా తెలుసు. అలాంటిది ఒక ప్లాస్టిక్ డబ్బా నా ఇంట్లో కూర్చుని నాకంటే స్ట్రిక్టుగా ఉంటానంటే ఎందుకు ఊరుకుంటాను?

ఆ డబ్బా వీడియో గేములు ఆడే కన్సోల్. నలభై దాటిన ఆడమనిషికి దానితో ఏం పని అని మీరు అడిగేలోపే చెబుతున్నాను, ఎందుకంటే ఆ ప్రశ్న అందరూ అడిగారు. మా వదిన అడిగింది. పక్కింటివాళ్లు అడిగారు. మాకు నెట్ లైన్ ఇచ్చిన ఆపరేటరైతే నవ్వుతూ అడిగాడు. ఆ నవ్వు సంగతి తర్వాత చెబుతాను. నాకు దానితో ఉన్న పని మా తమ్ముడితో మాట్లాడటం.

మేం ముగ్గురం: అన్న, నేను, తమ్ముడు. జనగామ బజారులో కింద దుకాణం, పైన ఇల్లు. బాపు నడిపిన హోల్‌సేల్ కిరాణా దుకాణం ఇప్పుడు అన్న చేతిలో ఉంది. నేను అన్నావదినలతో పైన ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు ఇవ్వాల్సిన జవాబు అప్పుడే ఇచ్చేశాను. తమ్ముడికి చిన్నప్పటి నుంచీ బస్తాలంటే గిట్టదు. చదువుకుని, భూపాలపల్లిలో బొగ్గు గనుల దగ్గర ఉద్యోగంలో చేరి, క్వార్టర్లో ఒక్కడే ఉంటున్నాడు.

రెండేళ్ల కింద వానాకాలంలో బాపుకు ఛాతీలో నొప్పి వస్తే అన్న హన్మకొండ దవాఖానకు తీసుకుపోయాడు. “గ్యాస్ నొప్పేనట, రేపు తీసుకొస్త” అని నాకూ తమ్ముడికీ ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రానికి డాక్టర్లు ఆశ లేదన్నారు. ఆ మాట అన్న ఎవరికీ చెప్పలేదు. చెబితే తమ్ముడు ఆ వానలో, బొగ్గు లారీలు తిరిగే పరకాల రోడ్డు మీద బండి వేసుకుని వస్తాడని, ఇటు బాపు పోయి అటు తమ్ముడికీ ఏమన్నా అయితే ఎట్లా అని భయపడ్డాడు. తెల్లారి ఫోన్ చేసి చెప్పాడు. అప్పటికి బాపు లేడు.

నేను హన్మకొండకు పరుగెత్తుకుపోయి, దవాఖాన వరండాలోనే అన్నను పట్టుకుని అరిచాను. నర్సులు వచ్చి నన్ను బయటికి పొమ్మన్నారు, బయటికి పోయి అక్కడ కూడా అరిచాను. అన్న తల వంచుకుని విన్నాడు. నా కోపం ఆ రోజే అయిపోయింది. ఎప్పటి కోపం అప్పుడే తీర్చుకోవాలి. నిలవ పెడితే రుచి వచ్చేది ఆవకాయకు, కోపానికి కాదు. తమ్ముడు మాత్రం ఒక్క మాట అనలేదు. దినాలు కాగానే భూపాలపల్లికి వెళ్లిపోయాడు. సంవత్సరీకానికి వచ్చి, అన్న పక్కనే పీట మీద కూర్చుని, పంతులు అనమన్నవన్నీ అని, తిని పోయాడు. అన్న వైపు చూడలేదు. అన్న కూడా “ఎట్లున్నవ్ తమ్మీ” అని అడగలేదు. ఇద్దరినీ చెవులు పట్టి లాగి తలలు గుద్దాలనిపించింది నాకు.

నేను చేస్తే ఫోన్ ఎత్తేవాడు. “తిన్నవా?” అంటే “తిన్న.” “డ్యూటీ ఎట్లున్నది?” అంటే “ఉన్నది.” ఆ తర్వాత ఫోన్‌లో ఫ్యాను చప్పుడు వినిపించేది. ఒకసారి చూడటానికి పోతే మనిషి సగమయ్యాడు, ఇల్లంతా మాసిన బట్టలు. వాడికి ఏదో ఒక రోజు నా ఫోన్ కూడా బరువైపోతుందని, అదీ ఎత్తడం మానేస్తాడని నాకు భయం పట్టుకుంది. నాకు భయమేస్తే అది కోపంగానే బయటికి వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ సీటు కోసం ఎవరితోనో గొడవ పడ్డాను.

మా ఇంటి మగవాళ్లకు ఒక జబ్బుంది. చేతులు ఖాళీగా ఉంటే నోరు పెగలదు. బాపు ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాడంటే చేతిలో పొట్లమో, కాంటాలో చింతపండో ఉండాలి. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రోజు ఆయన నా ముఖం చూడకుండా, బెల్లం దిమ్మకు కాగితం చుట్టి పురి కడుతూ, “మంచిగైంది బిడ్డా, నాకు నిద్ర పడ్తది ఇగ” అన్నాడు. అన్నా అంతే, తమ్ముడూ అంతే. ఎదురెదురుగా కుర్చీలు వేసి మాట్లాడుకోండంటే ఇద్దరూ పైకప్పు వైపు చూస్తారు.

అందుకే తమ్ముడు కొత్త కన్సోల్ కొనుక్కుని పాతది బస్సు పార్శిల్‌లో నాకు పంపినప్పుడు, వాడు చెప్పకుండానే నాకు సంగతి అర్థమైంది. “ఊకెనే పడున్నదక్కా, నువ్వు ఆడు. ఆడుకుంట మాట్లాడొచ్చు” అన్నాడు. రెండేళ్లలో వాడి నోట్లోంచి వచ్చిన పొడుగాటి మాట అదే. వాడికి నచ్చిన ఆట ఏమిటంటే, గోదాములో డబ్బాలు మోసుకొచ్చి టైము అయిపోయేలోపు లారీకి ఎక్కించడం. ఇద్దరు కలిసి మోయాలి. బాపు బతిమిలాడినా బస్తా ముట్టనివాడు క్వార్టర్లో కూర్చుని కోరి కోరి డబ్బాలు మోస్తున్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియక ముందు తిట్టాను.

కానీ తెర మీద ‘స్ట్రిక్ట్’. ఆట మొదలయ్యేది, తెర మీద తమ్ముడి బొమ్మ వచ్చి నా పక్కన నిలబడేది, వాడి మాట మాత్రం వచ్చేది కాదు. అక్కడ వాడు మాట్లాడుతున్నట్టు ఒక గుర్తు వెలిగి ఆరేది, ఇక్కడ నిశ్శబ్దం. రెండేళ్లకు నోరు తెరుస్తున్న మనిషి మాట నా గడప దాకా వచ్చి ఆగిపోతోంది. ఇంత మండుతుందని నేను కూడా అనుకోలేదు.

కారణం మా ఇల్లే. నెట్ లైన్ అన్న దుకాణం కోసం, బిల్లుల కంప్యూటరూ కెమెరాలూ పనిచేయడానికి పెట్టించాడు. కాబట్టి ఆపరేటర్ ఇచ్చిన డబ్బా కింద దుకాణంలో ఉంది. పైన సిగ్నల్ రాక నేను ఇంకో రౌటర్ తెచ్చి, కింది నుంచి వైరు లాగి తగిలించుకున్నాను. ఒకే లైనుకు ఇద్దరు పెత్తందార్లు. బయటి నుంచి వచ్చిన మాట పై ఇంట్లో ఎవరికో కింది డబ్బాకు తెలియదు. తెలియని మాటను అది లోపలికి రానివ్వదు. ఉత్త పాటలు వినడానికీ సినిమాలు చూడటానికీ ఇది అడ్డు కాదు. ఎదుటివాడు నేరుగా మన ఇంటి తలుపు తట్టాల్సిన ఇలాంటి ఆటలకే చిక్కు. ఇదంతా నేను బడి నుంచి వచ్చే బస్సులో ఫోన్‌లో చదివి నేర్చుకున్నాను.

మొదటి పని సులువే. పై రౌటర్ సెట్టింగుల్లోకి పోయి దాని పెత్తనం తీసేశాను. ఇక అది కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ను పైన పంచడం వరకే. ‘స్ట్రిక్ట్’ పోయి ‘మోడరేట్’ వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. “అ... బ్బా... ఎడ...” అని తమ్ముడి గొంతు. ఆ ముక్కల కోసమే ఆ పూట అక్కడి నుంచి లేవలేదు. మిగతా పని కింది డబ్బాలో ఉంది: కన్సోల్‌కు ఒక మారని నంబరు ఇవ్వాలి, ఆట అడిగినప్పుడు తలుపు తీసే సెట్టింగు ఆన్ చేయాలి. దానికి పాస్‌వర్డ్ కావాలి. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే “డబ్బ ఎనక స్టిక్కర్ మీద ఉంటది చూడుండ్రి” అన్నాడు.

ఆదివారం పొద్దున దుకాణం తెరవగానే కిందికి దిగాను. డబ్బా గల్లాపెట్టె పైన, లక్ష్మి పటం పక్కన గోడకు వేలాడుతోంది. అన్న దాన్ని వెనకా ముందూ తిప్పి తగిలించాడు. దీపాలు వెలిగే ముఖం గోడ వైపు, స్టిక్కర్ ఉన్న వీపు మా వైపు.

“ఏందన్నా గిది? తిప్పి పెట్టినవేంది?”

“అచ్చరాలున్న దిక్కే గదా మొకం,” అన్నాడు అన్న. కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో శ్రీకారం రాసి పసుపు పెట్టినట్టు, ప్రతి శుక్రవారం గల్లాకూ కాంటాకూ పెట్టిన చేత్తోనే ఆ స్టిక్కర్‌కు కూడా గంధం, పసుపు, కుంకుమ పెట్టాడు. లైన్ వచ్చినప్పటి నుంచీ ఒక్క శుక్రవారం తప్పలేదు. ఆ స్టిక్కర్ మీద అట్టు కట్టింది. కొబ్బరినూనెతో మెల్లగా తుడిచాను. పసుపుతో పాటు అక్షరాలూ గుడ్డకు అంటుకుని వచ్చేశాయి.

“నీ భక్తి పాడుగాను! పాస్‌వర్డ్‌కు పూజ చేస్తరా ఎవరన్న?”

“దుకాణంల పెట్టినంక దుకాణం సామానే గదా చెల్లే,” అన్నాడు. అని, నేను తుడిచిన చోట మళ్లీ బొట్టు పెట్టాడు. నా కళ్ల ముందే పెట్టాడు.

అక్కడి నుంచి నేరుగా ఆపరేటర్ ఆఫీసుకు పోయాను. ముప్పై ఏళ్ల మనిషి, ఫోన్‌లో ఏదో చూస్తూ కూర్చున్నాడు. స్టిక్కర్ చెరిగిపోయింది, పాస్‌వర్డ్ చెప్పమన్నాను. ఎందుకన్నాడు. గేమ్ కోసమన్నాను. అప్పుడు నవ్వాడు.

“గేములా? మీ ఇంట్ల పోరగాళ్లు లేరు గద మేడం?”

“నేనే ఆడ్త.”

“మీరా!” అని మళ్లీ నవ్వి, “గేములకని అవ్వన్ని తెరిస్తే లైన్ ఖరాబైతది మేడం. కనెక్షన్ మీ అన్న పేరు మీద ఉన్నది. అన్నను జర ఫోన్ చేయమనుండ్రి, ఆయనకు చెప్త,” అన్నాడు.

మా అన్న అక్షరాలున్న వైపే ముఖం అనుకునే మనిషి. ఆయనకు చెబుతాడట! లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, సెట్టింగు పేరుతో సహా చెబుతున్న నాకు చెప్పడట. నాలుగు తిట్లు తిట్టి రావచ్చు. కానీ తిట్టి వచ్చేస్తే వాడు మళ్లీ ఫోన్ చూసుకుంటాడు. నేను అక్కడున్న కుర్చీ లాక్కుని కూర్చుని, సంచిలోంచి పిల్లల జవాబు పత్రాలు తీసి, ఎర్ర పెన్నుతో దిద్దడం మొదలుపెట్టాను.

“మేడం, గిదేంది?”

“నా పని నేను చేసుకుంటున్న. నువ్వు చెప్పినప్పుడు పోత.”

ఆదివారం కదా, కేబుల్ బిల్లు కట్టడానికి జనం వస్తూనే ఉన్నారు. సగం మంది నా దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులు. వచ్చినవాళ్లంతా “టీచరమ్మా, మీరేంది ఈడ?” అని అడగడం, నేను తల ఎత్తకుండా, గట్టిగా, “నా ఇంటి తాళంచెవి ఈయన దగ్గర ఉన్నది, ఇస్తలేడు. ఇచ్చేదాక కూసుంట” అని చెప్పడం. తరిగొప్పుల నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూడా బల్ల మీద కూర్చుని, “గదేంది కొడుకా, ఆడిమనిషి తాళంచెవి నీకెందుకు?” అని నిలదీశాడు. ఆపరేటర్ ముఖం మాడిపోయింది. ఒక చిన్న కాగితం ముక్క మీద పాస్‌వర్డ్ రాసి నా జవాబు పత్రాల కుప్ప మీద పెట్టాడు. అప్పుడు నేను దిద్దుతున్న పిల్లవాడికి రెండు మార్కులు ఎక్కువే పడి ఉంటాయి.

ఇంటికి వచ్చి పది నిమిషాల్లో పని ముగించాను. కన్సోల్ ఆపి మళ్లీ వేశాను. ‘ఓపెన్’ అని వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నాకు చెవులు నొస్తాయి, అందుకని మాట టీవీలోంచి వచ్చేలా పెట్టుకుని, చిన్న మైకు మాత్రం పైటకు తగిలించుకున్నాను.

“అక్కా, ఇనబడ్తుందా?”

గది నిండా వాడి గొంతు. వంటగదిలో వదిన చేతిలోంచి గరిటె జారింది. “ఇనబడ్తుందిరా,” అన్నాను. “ముందు గా డబ్బ పట్టు, లారీ పోతుంది,” అని కసిరాను.

ఆ రోజు నుంచి బడి నుంచి వచ్చి, చాయ్ తాగి, కూర్చునేదాన్ని. మొదట అంతా డబ్బాల మాటలే. ఎడమకు, కుడికి, పడేశావు, మళ్లీ ఎత్తు. చేతులు వేడెక్కిన తర్వాత మెల్లగా వేరే మాటలు వచ్చేవి. గనిలో పేలుడు పెట్టినప్పుడు క్వార్టర్లో గిన్నెలు ఎట్లా అదురుతాయో, కొత్త ఆఫీసరు ఎంత పిసినారో, వంకాయ కూర ఎందుకు చేదెక్కుతోందో. కూర గురించి అడిగినప్పుడు వంటగదిలోంచి వదినే జవాబు అరిచి చెప్పేది. ఆటలేంటని అడిగిన వదిన!

కానీ దాదాపు ప్రతి రోజూ ఎనిమిది అయ్యేసరికి తెర మీద ‘కనెక్షన్ పోయింది’ అని వచ్చేది. అన్న దుకాణం మూస్తున్నాడన్నమాట. మా చిన్నప్పుడు ఎదురుగా ఉన్న బట్టల దుకాణం వైరు కాలి తగలబడింది. అప్పటి నుంచి బాపు పెట్టిన పద్ధతి: సామాను లోపల పెట్టాక దుకాణం మెయిన్ స్విచ్ ఆపాలి, గల్లాకు దండం పెట్టాలి, షట్టర్ లాగాలి. ఇంటి కరెంటు మీటరు వేరు కాబట్టి పైన టీవీ వెలుగుతూనే ఉంటుంది. కింద డబ్బా మాత్రం చస్తుంది. అన్న మెట్లెక్కి వచ్చేసరికి నేను మూగ టీవీ ముందు పళ్లు కొరుకుతూ కూర్చుని ఉండేదాన్ని.

ఒక సాయంత్రం తమ్ముడు వరసగా రెండు లారీలు నింపాడు. తర్వాత, “అక్కా, బాపు పోయిన పొద్దున అన్న ఫోన్ చేసిండు చూడు, గప్పుడు నేను...” అన్నాడు. లైన్ పోయింది.

కిందికి పరుగెత్తాను. అన్న షట్టర్‌కు తాళం వేస్తున్నాడు.

“ఒక్క నిమిషం ఆగితె ఏం పోతుండె నీకు?”

“ఏమైంది?”

“తమ్ముడు మాట్లాడుతుండు! రెండేండ్లకు నోరు తెరిచిండు, నువ్వు మెయిన్ గుద్దినవ్!”

అన్న తాళం పడిందో లేదో లాగి చూసుకున్నాడు. ఏం మాట్లాడుతున్నాడని అడగలేదు. ఎట్లా ఉన్నాడని అడగలేదు. “బాపు పెట్టిన పద్ధతి,” అన్నాడు. “జర సేపాగి బంద్ చేయరాదు, నీ పద్ధతిల మన్నువడ!” అన్నాను. “పద్ధతి పద్ధతే,” అని మెట్లెక్కాడు. ఆ క్షణాన ఆ మనిషి మీద నాకు కలిగిన కోపం దవాఖాన వరండాలో కూడా కలగలేదు. మరునాడు తమ్ముడిని అడిగితే, “ఏం లేదు తియ్యి,” అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇక నేను అన్నను బతిమిలాడలేదు. కరెంటు పనిచేసే మనిషిని పిలిపించి, పై ఇంటి మీటరు నుంచి కిందికి వైరు దింపి, ఆ డబ్బాకు వేరే ప్లగ్గు పెట్టించాను. అన్న మెయిన్ ఆపుకోనీ, దండం పెట్టుకోనీ, డబ్బా బతికే ఉంటుంది. అన్న గల్లా దగ్గర కూర్చుని అంతా చూశాడు. “వైరు లక్ష్మి పటం మీదికెళ్లి గుంజకుండ్రి,” అని ఒక్కమాట అన్నాడు. వైరు పటం కింది నుంచి వచ్చింది. ఆ ప్లగ్గు కాస్త వదులుగా ఉందని, తర్వాత మార్చుకొమ్మని ఆ పనివాడు చెప్పి పోయాడు.

ఆ సాయంత్రం గెలిచినదానిలా కూర్చున్నాను. ఎనిమిది అయింది. కింద షట్టర్ గరగర దిగింది. తెర మీద ఆట అలాగే ఉంది. నా బొమ్మ డబ్బా పట్టుకుని లారీ దగ్గర నిలబడింది, తమ్ముడి బొమ్మ గోదాము మధ్యలో ఆగిపోయింది.

“అక్కా, లైన్ పోలేదేంది ఇయ్యాల?”

“పోదు ఇగ. పోకుంట జేసిన.”

“అన్న దుకాణం బంద్ జేయలేదా?”

“జేసిండు. ఇప్పుడే షట్టర్ గుంజిండు.”

“నిజంగనేనా? పానం మంచిగున్నదా అన్నకు?”

“మంచిగనే ఉన్నడు. ఎందుకడుగుతున్నవ్ రా?”

“ఏం లేదే. రోజు గీ టైముకు లైన్ పోతది గద. పోంగనే అనుకుంట, ఆఁ, అన్న మెయిన్ బంద్ జేసిండు, గల్లకు మొక్కిండు, మంచిగనే ఉన్నడు అని. గప్పుడు నేను లేశి అన్నం తింట. మొన్న ఒకనాడు ఎంతకూ లైన్ పోలే.” వాడి బొమ్మ ఒక డబ్బాను ఎత్తి, దించి, మళ్లీ ఎత్తింది. “అన్నకు ఏమన్న అయ్యిందేమో, బాపు అప్పటి లెక్కనే మల్ల నాకు చెప్తలేరేమో అనుకున్న. ముద్ద దిగలేదక్కా.”

ఆ రోజు నాకు గుర్తుంది. మానుకోట నుంచి మిర్చి లారీ ఆలస్యంగా వస్తే అన్న దుకాణం తెరిచి కూర్చున్నాడు. అంతే జరిగింది. అక్కడ వాడు తిండి మానేశాడు.

నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయేదానికి వీడు రోజూ అక్కడ కూర్చుని మా దుకాణం లైన్ పోవడాన్ని కాపలా కాస్తున్నాడు! వాడిని తిట్టడానికి నోరు తెరిచి, ఎందుకో పక్కకు చూశాను. గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్లూ ఆయన పైకి వచ్చేసరికి లైన్ చచ్చిపోయి ఉండేది. ఆ గదిలో తమ్ముడి గొంతు ఆయన చెవిన పడటం అదే మొదలు. తాళంచెవుల గుత్తి ఛాతీకి ఆనించి పట్టుకుని ఉన్నాడు.

“నన్నేం అడుగుతున్నవ్ రా? ఇగో, మీ అన్న ఈడనే ఉన్నడు. నువ్వే అడుగు!” అని అరిచాను. “నువ్వు మాట్లాడన్నా! మంచిగున్న అని చెప్పు! నోట్లె ఏం పెట్టుకున్నరు ఇద్దరు?”

టీవీలోంచి ఫ్యాను చప్పుడు వచ్చింది. అన్న వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. తాళం తీసిన చప్పుడు, షట్టర్ సగం లేచిన చప్పుడు వినిపించాయి. తెర మీద ‘కనెక్షన్ పోయింది’ అని వచ్చింది.

మెయిన్ ఆపితే పోదని ఆయనకు తెలుసు. వైరు దింపినప్పుడు గల్లా దగ్గరే కూర్చుని చూశాడు. చేత్తో ప్లగ్గు పీకాడు. నేను ఆఫీసులో కూర్చుని, గోడకు మేకులు కొట్టించి, ఇంత చేస్తే పీకి పారేశాడు! నేను మెట్ల వైపు తిరిగి నోటికొచ్చినట్టు తిడుతూ ఉండగానే నా ఫోన్ మోగింది. ఈ రెండేళ్లలో వాడంతట వాడు ఎప్పుడూ నాకు ఫోన్ చేయలేదు.

“అక్కా,” అన్నాడు తమ్ముడు. “అన్న బంద్ జేసిండే. మంచిగనే ఉన్నడు.”

అంతే చెప్పి పెట్టేశాడు.

అన్న మళ్లీ మెట్లెక్కి వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇలాంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించడం బ్రహ్మ తరం కూడా కాదు. నేను ఆయన భుజం పట్టి టీవీ ముందు కుదేసి, నా చేతిలోని రిమోటు లాంటిదాన్ని ఆయన రెండు చేతుల్లో పెట్టి, మైకు తీసి ఆయన కాలరుకు తగిలించాను. “గీ బొత్తాం ఒత్తితె ఎత్తుతది, గిది ఒత్తితె దించుతది. డబ్బలు మోయి,” అన్నాను. వదినను ఆయన పక్కన కూర్చోమని చెప్పి, ఎవరినో తిట్టుకుంటూనే, మెట్ల తలుపు తెరిచిపెట్టి దుకాణంలోకి దిగాను.

చీకట్లో తడుముకుని ప్లగ్గు పెట్టాను. డబ్బా దీపాలు గోడ వైపే ఉన్నాయి కాబట్టి నాకు కనిపించలేదు, గోడ మీద పచ్చటి వెలుగు మాత్రం మెల్లగా పాకింది. లక్ష్మి పటం అంచు ఆ వెలుగులో కనిపించింది. పైన ఆట పాట మళ్లీ మొదలైంది. ఆటలోని గోదాములో ఏదో దభీమని పడిన చప్పుడు వచ్చింది, తర్వాత ఇంకోసారి. అప్పుడు వినిపించింది మా అన్న గొంతు, బాపు గొంతులాగే కసురుతూ.

“అరె, గట్ల పట్టుకుంటర్రా డబ్బను? కింద చెయ్యి పెట్టు. నీకు ఎన్నిసార్లు చెప్పాలె?”

“నువ్వు జర ఆ కొస పట్టన్నా,” అన్నాడు తమ్ముడు.

ప్లగ్గు వదులుగా ఉంది. ఊడిపోతుందేమోనని దాన్ని గోడకు అదిమి పట్టుకుని, లారీ నిండేదాకా నేను అక్కడే నిలబడ్డాను.